మా పెద్దమ్మ సెకండాఫ్‌లు

పోయిన నెల నరసరావుపేటలో ఒక కాలేజీవాళ్ళు పిలిచి, రెండు రోజులు మా పిల్లలకి స్క్రీన్‌ప్లే పాఠాలు చెప్పండి అన్నారు. ఈ మధ్య నాకు సినిమాలు తగ్గి పాఠాలు పెరిగాయి. రాయమని పిలిచేవాళ్ళు తగ్గేకొద్దీ ఎలా రాయాలో చెప్పమని పిలిచేవాళ్ళు పెరగడం మా వృత్తిలో ఉన్న వింత. నేను చేయని పని లేదు. పరిషత్తు నాటకాలు రాశాను, రేడియోకి రాశాను, అరవ సినిమాల్లో పెదాల కదలిక చూసి తెలుగు మాటలు అతికించాను, ఒక టీవీ సీరియల్లో ఒకే అత్తగారిని ఏళ్ళ తరబడి మేడమెట్లు దించాను. అయితే ఇండస్ట్రీలో నాకు స్థిరపడ్డ పేరు మాత్రం 'సెకండాఫ్ డాక్టరు'. ఎవరి కథైనా ఇంటర్వెల్ దాకా జోరుగా వచ్చి, ఆ తర్వాత వానాకాలం నల్లరేగడిలో బండిలా దిగబడితే నాకు కబురొచ్చేది. వెళ్ళి, రెండు కాఫీలు తాగి, కళ్ళు మూసుకుని మిగతా సగం చెప్పేసేవాణ్ణి. కళ్ళు మూసుకుంటే ఆలోచిస్తున్నానని అందరూ అనుకునేవాళ్ళు. నిజానికి నేను గుర్తు చేసుకునేవాణ్ణి.

ఆ సెకండాఫ్‌లలో ఒక్కటీ నా బుర్రలో పుట్టింది కాదు. అన్నీ నా చిన్నప్పుడు మా పెద్దమ్మ ఈ నరసరావుపేటకే, మా వాడుకలో పేటకి, వెళ్ళి చూసొచ్చి చెప్పిన పాత సినిమాల్లోవి. పేర్లు మార్చి, ఊళ్ళు మార్చి, గుర్రబ్బండిని లారీ చేసి దించేశాను. నేను దొంగనని నలభై ఏళ్ళుగా నాకు తెలుసు. సభల్లో ఎవరైనా 'సొంత ఆలోచన' అన్న మాట ఎత్తితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి. ఆ పాత సినిమాలు వెతికి చూద్దామని నాకెప్పుడూ అనిపించలేదు. దోచుకున్న ఇంటికి దొంగ చుట్టపుచూపుగా వెళ్ళడు గదా. ఎవరూ పట్టుకోలేదు కాబట్టి మన ప్రేక్షకులకి మతిమరుపు ఎక్కువని సరిపెట్టుకుని, షష్టిపూర్తి కూడా చేయించుకున్నాను.

మా అమ్మ నాకు ఆరేళ్ళప్పుడు పోయింది. జ్వరం తగ్గడం లేదని గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నన్ను తీసుకెళ్ళలేదు. నాన్న నడికుడి రైల్వే స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. రాత్రీ పగలూ డ్యూటీలు, వంట రాదు, మాట తక్కువ. ఒక గుడ్డసంచిలో నా చొక్కాలు పెట్టి, ముప్పాళ్ళ అవతలి పల్లెలో ఉన్న మా పెద్దమ్మ ఇంట్లో నన్ను దించి, గ్లాసెడు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. పెద్దమ్మ మా అమ్మకి సొంత అక్క. ఆమెకి ఒక్కతే కూతురు, రమణక్క, నాకంటే ఆరేళ్ళు పెద్ద. పెద్దనాన్న ఊళ్ళో ఒక పార్టీకి పెద్ద. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఆయన పళ్ళు తోముకోవడం పూర్తయ్యేసరికి మూడు తగాదాలు తీరేవి, రెండు కొత్తవి పుట్టేవి. ఆ ఇంట్లో తెల్లవారుజామున కళ్ళాపి పేడ వాసన, ఆ వెంటనే పెద్దనాన్న చుట్ట వాసన, పొద్దెక్కేకొద్దీ కాగుతున్న పాల వాసన వచ్చేవి. మాఘమాసం దాటిందంటే మాత్రం ఈ వాసనలన్నీ పోయి ఇల్లంతా మిరపకాయల ఘాటే. అన్నంలోనూ అదే, పక్కబట్టల్లోనూ అదే. చుట్టాలు వచ్చి తుమ్మడం మొదలుపెడితే, మేము తుమ్మకుండా వాళ్ళని వింతగా చూసేవాళ్ళం.

కల్లంలో ఎండిన కాయల్ని తెచ్చి ఇంటి ముందు తాటాకు పందిరి కింద కుప్ప పోసేవాళ్ళు. తొడిమలు తీయాలి, రంగు పోయిన తాలుకాయలు ఏరాలి. ఊళ్ళో అందరి కాయా ఒకేసారి ఎండుతుంది కాబట్టి తొడిమలు తీసే ఆడవాళ్ళకి ఆ రోజుల్లో గిరాకీ ఎక్కువ. పక్కవాళ్ళు ఒక తమలపాకు ఎక్కువ ఇస్తామంటే మధ్యాహ్నానికి అటు లేచిపోయేవాళ్ళు. మా పెద్దమ్మకి తమలపాకు ఎక్కువ ఇచ్చే గుణం లేదు. ఆమె దగ్గర కథ ఉంది. పొద్దున కుప్ప వంక ఒకసారి చూసి, దానికి ఎంత కథ పడుతుందో అంచనా కట్టి మొదలుపెట్టేది. అన్నాలకి లేచే వేళకి సరిగ్గా ఆ కథలో తల్లినో కోడలినో బావిలో పడేసి, "తిని రాండే, తర్వాత చెబుతా" అనేది. ఆడవాళ్ళు నాలుగు ముద్దలు మింగి, చంటిపిల్లలకి పాలిచ్చి, పరిగెత్తుకుంటూ వచ్చేవాళ్ళు. పొద్దువాలినా కుప్ప తరగకపోతే కథలోకి ఎక్కడినుంచో ఒక మేనమామ దిగేవాడు. కుప్ప ముందే అయిపోయేట్టుంటే ఆ మేనమామని పాము కరిచేది. నేను ఆమెకి ఎదురుగా కూర్చుని తాలుకాయలు ఏరుతూ, చేతులు మండితే మజ్జిగలో ముంచుకుంటూ వినేవాణ్ణి. ఇప్పుడు నేను తెల్లబోర్డు మీద గీతలు గీసి, బాణం గుర్తులు పెట్టి, మలుపు ఒకటి, మలుపు రెండు అని పూటంతా చెప్పే పాఠం ఇదే. నాకు దానికి శాలువా కప్పుతారు.

ఆమె నెలకొకసారి సినిమాకి వెళ్ళేది, రమణక్కని తోడు తీసుకుని. పొలానికి సద్ది పంపి, బర్రెకి కుడితి పెట్టి, పన్నెండింటి బస్సెక్కి పేట వెళ్ళేవాళ్ళు. దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఉండేవాళ్ళు. నన్ను మాత్రం ఒక్కసారీ తీసుకెళ్ళలేదు. "నువ్వు ఏడుస్తావురా, వద్దు" అనేది. టిక్కెట్టు దండగని ఆ సాకు చెబుతోందని నాకు లోలోపల కోపం. సినిమాల పేర్లు ఆమెకి ఎప్పుడూ గుర్తుండేవి కావు. బావి సినిమా, కుంటి డాక్టరు సినిమా, లాంతర్ల సినిమా, ఇంతే. రెండో ఆటకి సైకిలు మీద పేట పోయొచ్చిన కోటయ్య బాబాయి ఒకసారి పందిరి పక్కగా పోతూ ఆగి విని, "ఏందొదినా, ఆ కుంటి డాక్టరు చివరకి చచ్చిపోయాడు గదా" అన్నాడు. పెద్దమ్మ చెయ్యి ఆపకుండా, "నువ్వు నిద్రపోయుంటావులే మరిదీ" అంది. ఆడవాళ్ళు నవ్విన నవ్వుకి, నిజంగానే తనకి కునుకు పట్టిందేమోనన్న అనుమానంతో బాబాయి వెళ్ళిపోయాడు.

పెద్దవాణ్ణయి, ఒక నాటకం చంకన పెట్టుకుని మద్రాసు చేరి, అక్కడ మరో నలుగురితో ఒక గదిలో చాప పంచుకుంటున్న రోజుల్లో నాకు మొదటిసారి ఒక కథాచర్చలో కూర్చునే అవకాశం వచ్చింది. కథలో కన్నతల్లి బావిలో దూకింది, ఇంటర్వెల్. ఆ తర్వాత ఏం జరగాలో పది రోజులుగా ఎవరికీ తోచడం లేదు. నాకు మా బావి సినిమా గుర్తొచ్చింది. అది దిగుడుబావి, మెట్టు దొరుకుతుంది, తల్లి బయటపడుతుంది, కానీ మతి తప్పి ఎక్కడో పరాయి ఊళ్ళో కూలి చేసుకుంటూ ఉంటుంది, కొడుకు పెద్దవాడై ఊరూరా వెతుక్కుంటూ పోయి పట్టుకుంటాడు. పెద్దమ్మ చెప్పిన కథలో ఆ కొడుకు తల్లిని బండెక్కించుకుని ఇంటికి తీసుకొచ్చి, వేణ్ణీళ్ళు పోయించి, అన్నం పెడతాడు. అక్కడితో అయిపోతుంది. డైరెక్టరుగారు విని, "అంతా బ్రహ్మాండం. ఆ చివర ఒక్కటే చప్పగా ఉందయ్యా" అన్నారు. "తల్లిని చంపేద్దామండీ" అన్నాను, చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే. కొడుకు మీదికొచ్చిన కత్తికి ఆమెని అడ్డం వేశాను. కొడుకు ఒళ్ళో పడుకోబెట్టి, రెండు పేజీల మాటలు మాట్లాడించి చంపాను. సినిమా వంద రోజులు ఆడింది. ఆ షీల్డు ఇప్పటికీ మా హాల్లో ఉంది, వారానికోసారి పనమ్మాయి తుడుస్తుంది.

ఇక మొన్నటి క్లాసు సంగతి. మాచర్ల నుంచీ గురజాల నుంచీ సత్తెనపల్లి నుంచీ వచ్చిన పిల్లలు. తెలివైనవాళ్ళు. అందరి ఫోన్లలోనూ తలా ఒక షార్ట్ ఫిల్మ్ ఉంది. అందులో సగానికి పైగా సినిమాల్లో హీరో హీరోయిన్లు ఎత్తిపోతల జలపాతం దగ్గర నిలబడి విడిపోతారు. ఆ నీళ్ళ హోరులో విడిపోతున్నామని ఒకరికొకరు ఎలా వినిపించారో ఎవరూ ఆలోచించలేదు. వాళ్ళు సినిమాలు ఫోన్లో, వేగం పెంచుకుని చూస్తారట. చప్పగా ఉన్నచోట వేలితో ముందుకు తోసేస్తారట. మా పందిరి కింద ఆడవాళ్ళు కథ తొందరగా అయిపోతుందేమోనని దిగులుపడేవాళ్ళు. వీళ్ళకి తొందరగా అవ్వడం లేదని దిగులు. అయినా తప్పు వీళ్ళది కాదు, నాలాంటి వాళ్ళు రాసినవి చూసి చూసి అలా అయ్యారు. పొద్దుటి పూట నేను గొంతు సవరించుకుని, ఎవరి కథా ఎత్తకండి, మీ ఇంట్లో వెతకండి, సొంతంగా రాయండి అని రెండు గంటలు దంచాను. పిల్లలు రాసుకున్నారు.

మధ్యాహ్నం భోజనం రమణక్క ఇంట్లో. ఆమె టీచరుగా రిటైరై పేటలోనే ఉంటోంది. పెద్దనాన్న పోయినప్పటినుంచీ పెద్దమ్మ ఆమె దగ్గరే. తొంభైకి దగ్గరపడింది. కాస్త చెవుడు తప్ప మనిషి గట్టిగానే ఉంది. ముందుగదిలో మంచం మీద కూర్చుని, వీధి చివరికి వినిపించేంత సౌండుతో సీరియల్ చూస్తోంది. వంటింట్లో గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, నెయ్యి. కడుపులో ముద్ద పడగానే నాకు నిజాయితీ పుట్టుకొచ్చింది. "అక్కా, పొద్దున్నుంచీ సొంతంగా రాయండిరా అని పిల్లల ప్రాణం తీసి వచ్చా. చెప్పేవి శ్రీరంగ నీతులు. నేను రాసిన సెకండాఫ్‌లన్నీ మీరిద్దరూ చూసొచ్చిన సినిమాలే గదా" అన్నాను.

అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "మేం చూసొచ్చిన సినిమాలేంది?"

"అదే, బావి సినిమా, కుంటి డాక్టరు..."

"ఒరేయ్, మేం ఒక్క సినిమా అన్నా పూర్తిగా చూస్తే గదరా! మనూరికి ఆఖరి బస్సు నాలుగింటికి. మ్యాట్నీకి పోయి, ఇంటర్వెల్లో తలా ఒక గోలీసోడా తాగి, బస్టాండుకి ఉరకటమే. మిగతాది కూడా చూద్దామే అమ్మా అని నేను ఏడిస్తే, మీ నాన్న కాళ్ళిరగ్గొడతాడు పదవే అనేది. మిగతాదంతా బస్సులో కట్టేది. అప్పుడు కండక్టరు పిలిచినా పలికేది కాదు. ముప్పాళ్ళ దాటేసరికి తనలో తనే నవ్వుకునేది. అంటే కథ అయిపోయిందన్నమాట."

నాకు ముందు నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాను. నలభై ఏళ్ళు ఎవరి సొత్తో దోచానని భయపడి చచ్చాను. ఆ సినిమాల్లో ఆ కథలే లేవు. ఎవరైనా పట్టుకుంటారని ఎదురుచూశానే, పట్టుకోవడానికి అక్కడేముంది? ఆ నవ్వు ఆగాక చేతిలో ముద్ద కంచంలోనే వదిలేశాను. ఎందుకంటే ఊరూపేరూ లేని సినిమా దగ్గర తీసుకున్నానంటే చిల్లర దొంగతనం. అన్నం పెట్టిన మనిషి దగ్గర తీసుకుని, ఆమె పేరు ఎక్కడా ఎత్తకుండా నా పేరు పెద్దక్షరాల్లో వేయించుకున్నానంటే దాన్నేమనాలో నాకు తెలియలేదు. చెయ్యి కడుక్కోకుండానే ముందుగదిలోకి వెళ్ళి, ఎడంచేత్తో టీవీ సౌండు తగ్గించాను.

"ఏందిరా, చూడనీవా?" అంది పెద్దమ్మ.

"పెద్దమ్మా, ఆ సినిమా కథలన్నీ నువ్వే కట్టావంటగా?" అని గట్టిగా అడిగాను.

"కట్టకపోతే? కుప్ప అయ్యేదాకా కూలోళ్ళని ఎవరు కూర్చోబెట్టాలి, మీ పెద్దనాన్నా? ఆయన మాట్లాడితే ఉన్నోళ్ళు కూడా లేచిపోతారు."

"నేను వాటిని సినిమాల్లో వాడుకున్నా. తెలుసా నీకు?"

"తెలవకపోవటమేంది. టీవీలో వస్తానే ఉంటయి గదా. ఇది మన డాక్టరుదే, ఇది మన లాంతర్లదే అని రమణకి చెబుతానే ఉంటా."

ఆ 'మన' అన్న మాట దగ్గర నాకు తల దించుకోవాలనిపించింది. ఆమె మంచం పక్కన కింద కూర్చున్నాను. తప్పు చేశాను పెద్దమ్మా, తెలియక చేశాను, ఇప్పుడు క్లాసులో పిల్లలందరికీ చెబుతాను, పేపర్లో రాస్తాను, నీ పేరు పెడతాను అన్నాను. నలభై ఏళ్ళు డైలాగులు రాసినవాణ్ణి, మాటలు బాగానే వచ్చాయి. ఆమె అంతా విని, "పేరు పెట్టుకుంటే పెట్టుకో, నాకేం" అంది. టీవీ వంక ఒకసారి చూసి, "ఆ బావి సినిమాకి మాత్రం నా పేరు చెప్పమాక" అంది.

"ఎందుకు? అదే గదా అన్నిటికంటే బాగా ఆడింది."

"ఆడితే ఆడింది. ఆ తల్లిని చంపావు గదరా."

ఆమే మళ్ళీ అంది. "పేటకొచ్చాక నాకు బస్సు గొడవ లేదు గదా. మావోడి సినిమా అని, పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి చివరిదాకా కూర్చున్నా. ఎందుకు కూర్చున్నానా అనిపించింది."

"జనం ఏడిస్తేనే ఆడిద్ది పెద్దమ్మా" అన్నాను. డైరెక్టర్లకీ, హీరోలకీ, ఆఖరికి విద్యార్థులకీ ఎన్నోసార్లు చెప్పిన మాట.

"ఏడవటానికి టిక్కెట్టెందుకురా? ఎవురింట్లో వాళ్ళు ఏడవొచ్చు గదా ఊరికే!" అని, దుప్పటి అంచు నలుపుతూ కూర్చుంది. "నేను చూసిన ఆ సగంలోనే చానా వాటిల్లో తల్లి చావటానికి తయారుగా ఉండేది. దగ్గు మొదలయ్యేది, లేకపోతే బావి కాడికి పొయ్యేది. ఇక బతకదని నాకూ తెలుసు, రమణకీ తెలుసు. ఇంటికొస్తే నువ్వు నా ఎదురుగుండా కూర్చునేవాడివి. తాలుకాయ చేతిలోనే ఉండేది, ఏరటం మర్చిపోయి నా మొహమే చూసేవాడివి. ఎట్టా చంపుతానురా? మీ అమ్మని ఆ గుంటూరు ఆస్పత్రిలో ఎట్టాగూ బతికించుకోలేకపోయా. కథలోదాన్ని బతికించటానికి నాకేం రోగం? ఒక్క తల్లినీ పోనీలేదు నేను. నువ్వు పోనిచ్చావు."

నాకు ఏడుపొచ్చింది. పిల్లలకి పాఠాలు చెప్పే పెద్దమనిషిని, గోంగూర అంటిన చెయ్యి గాల్లో పెట్టుకుని ఏడ్చాను. నన్ను సినిమాకి తీసుకెళ్ళనిది టిక్కెట్టు దండగని కాదని అప్పుడు తెలిసింది. మిరపకాయల కోసం పుట్టాయనుకున్న కథల్లో నా కోసం పుట్టిన ముక్క ఏదో, అదొక్కటే నేను పీకేసి, దానికి షీల్డు తెచ్చుకున్నాను. చాలా సిగ్గేసింది. పెద్దమ్మ నా తల మీద చెయ్యి వేస్తుందేమో అనుకున్నాను. వెయ్యలేదు. "అన్నం సగంలో వదిలేసి వచ్చావు. పో, తిను. పోతా పోతా ఆ సౌండు పెంచి పో" అంది. పేరు వెయ్యలేదని కోర్టుకెక్కిన రచయితల్ని చాలామందిని చూశాను. పేరు వెయ్యొద్దని అడిగిన మనిషిని చూడడం అదే మొదలు.

మధ్యాహ్నం క్లాసుకి అరగంట ఆలస్యంగా వెళ్ళాను. బోర్డు మీద పొద్దున నేను గీసిన బాణాలు అలాగే ఉన్నాయి. వాటిని తుడిపేసి, కుర్చీ ముందుకు లాక్కుని, ఉన్నదున్నట్టు చెప్పాను. కుప్ప గురించీ, బస్సు గురించీ, నేను ఎవరి దగ్గర ఏం తీసుకున్నానో చెప్పాను. పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి విన్నారు, మేనమామని పాము కరిచినచోట విరగబడి నవ్వారు. బావి సినిమా దగ్గరికొచ్చి, ఆ చివర ఒక్కటీ ఆమెది కాదు, అందుకే ఈ సినిమాకి తన పేరు చెప్పొద్దంది అని కూడా చెప్పాను. చెప్పాక నాకు కాస్త తేలిగ్గా అనిపించింది. ఇక చప్పట్లు కొడతారని అనుకున్నాను కూడా.

గురజాల నుంచి వచ్చిన ఒకమ్మాయి పొద్దున్నుంచీ మాట్లాడకుండా అన్నీ నోట్సు రాసుకుంటోంది. పెన్ను పట్టుకునే లేచి నిలబడి, "సార్, ఒక్క డౌటు" అంది.

"అడుగమ్మా."

"తల్లి బావిలోంచి పైకి రావటం మీ పెద్దమ్మగారిదే గదండీ?"

"అవును."

"కొడుకు ఊరూరా వెతకటం, ఇంటికి తెచ్చి అన్నం పెట్టటం కూడా ఆమెదే."

"ఆమెదే."

ఆ పిల్ల నోట్సు వంక ఒకసారి చూసుకుంది. వెటకారం ఏమీ లేదు, రాసుకున్నది సరిగ్గా ఉందో లేదో సరిచూసుకుంటోంది, అంతే. "అయితే సార్, ఆ తల్లిని చంపటం ఒక్కటే మీరు సొంతంగా రాసింది."

"అవునమ్మా" అన్నాను. "అదొక్కటే నాది."